జెట్ స్కీ ఆయిల్ పంపు విప్పే ముందు తప్పు పంపుదేనా అని చూసుకోండి

మీరు అడిగిందాంట్లో అసలు సంగతి ఇది. కరీంనగర్ మానేరు డ్యాంలో నడుపుకోవడానికి సెకండ్ హ్యాండ్ సీ-డూ కంపెనీ జెట్ స్కీ తీసుకున్నారు. రోటాక్స్ 717 ఇంజిన్, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్. వానాకాలమంతా షెడ్డులో పెట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే పొగే పొగ. ప్లగ్గులు ఆయిల్‌తో తడిసి ఉన్నాయి. ఆయిల్ ట్యాంకులో మట్టం రెండు వేళ్లు దిగింది. పంపు పోయింది, తీసి పక్కన పడేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకోండని మెకానిక్ అన్నాడు. తీద్దామంటే కార్బురేటర్ కింద చెయ్యి దూరట్లేదు.

పంపు విప్పడం పెద్ద పని కాదు, దాని దాకా దారి చేసుకోవడమే పని. అది కింద వివరంగా రాస్తాను. కానీ మీరు చెప్పిన లక్షణాలు చూస్తే పంపు మీద నాకు అనుమానం తక్కువ. ఆగి ఉన్న బండిలో ఆయిల్ తగ్గిందంటే ముందు వేరే చోట వెతకాలి.

ఈ ఇంజిన్‌లో ఆయిల్‌కు రెండు దారులున్నాయి. ఒకటి మీకు తెలిసిందే: ట్యాంకు నుంచి ఫిల్టరు, అక్కణ్నుంచి పంపు, పంపు నుంచి రెండు సన్నటి పైపుల్లో ఇంటేక్ వైపు. రెండోదాని సంగతి చాలామందికి తెలియదు. ట్యాంకు నుంచి ఒక లావుపాటి పైపు నేరుగా క్రాంక్‌కేస్ మధ్యలో ఉన్న చిన్న గదిలోకి పోతుంది. ఇంజిన్‌లోకి పోయే గాలి, పెట్రోల్ దారిని తెరిచి మూసే తిరుగుడు డిస్కును రోటరీ వాల్వు అంటారు. దాన్ని తిప్పే గేరు అక్కడే ఉంటుంది. ఆ గది ఎప్పుడూ ఆయిల్‌తో నిండి ఉండాలి. ఇంకో పైపు గదిలోంచి తిరిగి ట్యాంకుకు వస్తుంది. ఇక్కడ పంపు ప్రమేయం ఏమీ లేదు, ఆయిల్ దాని బరువు మీద అదే దిగుతుంది. ఆ గదికి అటూ ఇటూ క్రాంక్ మీద సీళ్లుంటాయి. అవి పాతబడి గట్టిపడితే, బండి కదలకుండా నిలబడ్డప్పుడు ఆయిల్ మెల్లగా సిలిండర్ల కింది భాగంలోకి జారుతుంది. నెల తర్వాత స్టార్ట్ చేస్తే అదంతా కాలి పొగ వస్తుంది. మరీ ఎక్కువ నిండితే ఇంజిన్ అసలు తిరగదు. అట్లాంటప్పుడు సెల్ఫ్ నొక్కుతూ పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. ట్యాంకు మీద మార్కర్‌తో గీత పెట్టండి. స్టార్ట్ చేయకుండా నాలుగు రోజులు వదిలేయండి. మట్టం దిగితే హల్ (బండి తొట్టి) అడుగున ఆయిల్ చేరిందేమో గుడ్డతో తుడిచి చూడండి. బయట చుక్క లేకపోతే లోపలికే పోతోందన్నమాట. ఇప్పుడు ఆ రెండు లావు పైపులనూ రబ్బరు తొడిగిన క్లాంపులతో నొక్కిపెట్టి ఇంకో నాలుగు రోజులు చూడండి. దిగడం ఆగితే తప్పు క్రాంక్ సీళ్లది, పంపు మార్చినా దండుగే. అప్పటికీ దిగుతుంటే పంపు గుండా సన్నటి పైపుల్లోంచి జారుతోంది. అప్పుడు పంపు విప్పడంలో అర్థముంది. క్లాంపులు పెట్టి మరిచిపోయి ఇంజిన్ నడిపితే గేరు ఎండిపోయి పోతుంది కాబట్టి, పెట్టినరోజే సేఫ్టీ తాడుకు ఒక చీటీ కట్టండి. తాడు చేతిలోకి తీసుకోకుండా ఎవరూ స్టార్ట్ చేయలేరు.

లోపల నిండిన ఆయిల్ బయటికి కొట్టాలంటే ప్లగ్గులు రెండూ తీసి, ప్లగ్ వైర్లను బండిలో వాటికోసం ఇచ్చిన ఎర్త్ కొనలకు తగిలించి, ప్లగ్గు బెజ్జాల మీద గుడ్డ కప్పి సెల్ఫ్ కొట్టండి. వైర్లు ఊరికే వేలాడదీస్తే ఇగ్నిషన్ యూనిట్ పోవచ్చు. అంతకంటే ముందు, ఎగిరొచ్చే పెట్రోల్ ఆవిరికి నిప్పురవ్వ తోడవుతుంది.

ఆయిల్ తక్కువ వస్తోందన్న అనుమానం ఉన్నా పంపు కంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి: ఫిల్టరు మూసుకుపోవడం, సన్నటి పైపులు గట్టిపడి చిట్లడం, కేబుల్ సెట్టింగ్ తప్పడం. పంపు లోపల అరిగేది తక్కువ. పాతికేళ్ల నాటి పైపు మాత్రం గోరుతో నొక్కితే చిట్లుతుంది. ఏ ఆయిలో తెలియకుండా దాని మీద ఇంకో రకం పోసిన ట్యాంకుల్లో జిగురులాంటి గడ్డలు చేరి ఫిల్టరు మూసుకుపోవడం కూడా ఉంది. రోటాక్స్ టూ-స్ట్రోక్‌కు ఏపీఐ టీసీ గ్రేడు పోయాలి. పడవ మోటార్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 డబ్బా సీ-డూలో పోయకండి.

సరే, పరీక్ష చేశారు, పంపే తీయాలని తేలింది. ఇప్పుడు పని.

బండిని నీళ్లలోంచి తీసి ట్రాలీ మీద, నీడలో పెట్టండి. ఎండాకాలం మన దగ్గర 44 డిగ్రీల్లో హల్ లోపల పెట్రోల్ ఆవిరి నిలిచి ఉంటుంది, పొద్దున్నే మొదలుపెట్టడం మేలు. సీటు తీసి పావుగంట గాలి ఆడనివ్వండి. పెట్రోల్ మూత ఒకసారి తెరిచి ప్రెషర్ వదలండి, ఫ్యూయల్ వాల్వు ఆఫ్ చేయండి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఆయిల్ ట్యాంకులోంచి సిరంజికి పైపు తగిలించి ఆయిల్ దాదాపు ఖాళీ చేయండి. నిండు ట్యాంకు పెట్టుకుని పంపు పైపు ఊడదీస్తే లీటర్ల కొద్దీ హల్‌లోకి దిగుతుంది. అది కడిగేసరికి సాయంత్రం అవుతుంది.

717లో పంపు రోటరీ వాల్వు కవరు మీద ఉంటుంది, రోటరీ వాల్వు షాఫ్టే దాన్ని తిప్పుతుంది. పైన కార్బురేటర్, ఇంటేక్ మానిఫోల్డ్ కప్పేసి ఉంటాయి. వాటిని తీయకుండా సందులోంచి చెయ్యి పెట్టి విప్పగలిగేవాళ్లున్నారు. విప్పాక ఆ సందులోంచే ఓ-రింగ్ సరిగ్గా కూర్చోబెట్టడం మాత్రం ఎవరి వల్లా కాదు. అందుకని ఎయిర్ బాక్స్, ఫ్లేమ్ అరెస్టర్ తీసేయండి. కార్బురేటర్‌ను మానిఫోల్డ్ నుంచి విడదీయకుండా రెండూ కలిపి ఒకే ముక్కగా బయటికి తీయండి. ఫ్యూయల్ పైపులకు రంగు ఇన్సులేషన్ టేపు చుట్టి, విప్పే ముందు ప్రతిదానికీ ఫోన్‌తో రెండు వైపుల నుంచి ఫోటో తీయండి. పల్స్ లైన్, సప్లయ్, రిటర్న్ మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

మానిఫోల్డ్ తీయగానే కవరులో పెద్ద రంధ్రం కనిపిస్తుంది, లోపల డిస్కు మెరుస్తుంటుంది. దాంట్లో శుభ్రమైన, నూలు ఊడని గుడ్డ ఒక్కటే పెద్దది కుక్కండి. పీలికలు వద్దు, ఒకటి లోపల మిగిలిపోతే ఇంజిన్ మింగేస్తుంది. చిన్న వాషర్ ఒకటి అందులో పడ్డా అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పంపును పట్టుకునే బోల్టులు వేరు, రోటరీ వాల్వు కవరును పట్టుకునే బోల్టులు వేరు. చీకట్లో, అద్దంలో చూస్తూ పని చేసేటప్పుడు ఒకదానికి బదులు ఇంకోటి విప్పడం చాలా సులువు. కవరు కదిలితే లోపలి డిస్కు గేరు పళ్ల మీంచి జారుతుంది. అప్పుడు డిస్కును డిగ్రీ వీల్ (కోణాలు గీసిన చక్రం) పెట్టి మళ్లీ టైమింగ్ చేయాలి. డిస్కు తలకిందులుగా కూడా కూర్చుంటుంది, అట్లా పెడితే టైమింగ్ మొత్తం తప్పు. కాబట్టి పంపు బోల్టుల తలల మీద మొదటే తెల్ల పెయింటు చుక్క పెట్టండి. చుక్క లేని బోల్టు జోలికి పోకండి.

పంపు మీద ముందు కేబుల్ ఊడదీయాలి. లీవరు మీద ఒక గీత, పంపు బాడీ మీద ఒక గీత ఉంటాయి. విప్పకముందు అవి ఎక్కడున్నాయో దగ్గర నుంచి ఫోటో తీయండి. కేబుల్ అడ్జస్టర్ లాక్‌నట్టు ఎన్ని పళ్ల మీద ఉందో కొలిచి రాసుకుంటే తర్వాత సగం పని తప్పుతుంది. ఆ తర్వాత లావుపాటి ఇన్‌లెట్ పైపు. దాన్ని ఊడదీయగానే చివరలో నున్నటి బోల్టు ఒకటి దూర్చి క్లిప్పు వేసేయండి. సన్నటి రెండు పైపులను పట్కారుతో లాగకండి. పైపు పట్టుకున్నచోటే తెగి, ముక్క నాజిల్ మీదే మిగిలిపోతుంది. ఎట్లాగూ పాత పైపులు తిరిగి వేయకూడదు కాబట్టి బ్లేడుతో పొడవునా చీల్చి తీయండి. నాజిల్ మీద బ్లేడు గాటు పడితే అక్కడ గాలి లీకవుతుంది, పైపొరను మాత్రమే కోయండి. ఏ పైపు ఏ సిలిండర్‌కు పోతుందో కొనలు రెంటికీ గుర్తు పెట్టుకోండి.

బోల్టులు రెండు. ఎక్కువగా ఎల్లన్ తలవి. 5 ఎంఎం కీ సరిపోతుంది, కొన్నిటికి 4 ఎంఎం. మామూలు ఎల్లన్ కీ పొడవు చాలా చోట్ల అడ్డం తగులుతుంది. పొట్టి కొమ్మును ఇంకా పొట్టిగా, ఒకటిన్నర సెంటీమీటర్లకు గ్రైండర్‌తో కోసి, అంచు చదును చేసుకుంటే సందులో తిరుగుతుంది. పావు ఇంచు రాట్చెట్, దానికి చిన్న ఎల్లన్ బిట్టు దొరికితే ఇంకా సులువు. రింగ్ పానాలతో ఇక్కడ పని కాదు. కింద ఒక పాత తువ్వాలు పరిచి ఉంచండి, జారిన బోల్టు హల్ అడుగుకు పోకుండా. అయస్కాంతం కట్టిన తీగ ఒకటి దగ్గర పెట్టుకోండి.

బండి గతంలో విశాఖలోనో గోవాలోనో సముద్రంలో నడిచిందైతే బోల్టు అల్యూమినియంలో పట్టేసి ఉంటుంది. చొచ్చుకుపోయే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఎల్లన్ తలలో ఇనుప పుల్ల పెట్టి సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు, తర్వాత బిగించే వైపు కొద్దిగా, ఆపై విప్పే వైపు. గ్యాస్ మంట మాత్రం ఇంజిన్ ఉన్న చోట వద్దే వద్దు. పెట్రోల్ పైపులు పక్కనే ఉన్నాయి. తల గుండ్రమైపోతే దాని మీద ఒక సైజు పెద్ద టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్టును కొట్టి దూర్చి తిప్పడం చాలాసార్లు పనికొస్తుంది.

బోల్టులు వచ్చాక పంపును అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ నేరుగా లాగండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి, అల్యూమినియం ముఖం మీద గాటు పడితే ఓ-రింగ్ కాదు కదా ఏదీ ఆపలేదు. వెనక షాఫ్టు చివర చదునైన నాలుక, అది కూర్చునే గాడి కనిపిస్తాయి. నాలుక అంచులు గుండ్రంగా అరిగిపోయాయా, గాడి వెడల్పయిందా చూడండి. పంపు నిజంగా పోయేది ఎక్కువగా ఇక్కడే.

బయటికి తీసిన పంపును బల్ల మీద పరీక్షించవచ్చు. ఇన్‌లెట్‌కు ఆయిల్ డబ్బా నుంచి పైపు, రెండు అవుట్‌లెట్లకు రెండు సిరంజి గొట్టాలు తగిలించండి. షాఫ్టును డ్రిల్లుకు పట్టించి నెమ్మదిగా తిప్పండి. ఇంజిన్ దాన్ని ఎటు తిప్పుతుందో అటే తిప్పాలి. రెండో వైపు తిప్పితే పీల్చదు. లీవరు పూర్తిగా తెరిచి పట్టుకుని రెండు గొట్టాల్లో మట్టం ఒకే వేగంతో పెరుగుతోందా చూడండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే ఆ పంపు పనికిరాదు. ఒక సిలిండర్ చల్లగా, ఒకటి బిగుసుకుని పోతుంది. రెండూ సమానంగా ఉంటే ఆ పంపు బాగున్నట్టే. వరంగల్, కరీంనగర్‌లో ఆర్ఎక్స్ 100లు బాగు చేసిన పాత మెకానిక్ ఉంటే ఈ పని అప్పజెప్పండి. దాని ఆటోల్యూబ్ పంపుకూ ఇదే తర్కం, లీవరు గీతలు కలపడం అతనికి చేతికి అలవాటైన పని. జెట్ స్కీ ఎప్పుడూ చూడకపోయినా ఫర్వాలేదు.

ఓ-రింగ్ కొత్తది వేయండి. అసలుది దొరక్కపోతే పాతదాన్ని వెర్నియర్‌తో కొలిచి బేరింగులు, ఆయిల్ సీళ్లు అమ్మే దుకాణంలో నైట్రైల్ ఓ-రింగ్ అడగండి. నల్లాలకు వేసే ఓ-రింగ్ తెచ్చి వేయకండి, వాటిలో చాలామట్టుకు వాడే రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది. ఎం-సీల్, సిలికాన్ పూసి మూసేయడం అస్సలు వద్దు. ఊడిన ముక్క నేరుగా ఆయిల్ దారిలోకి పోతుంది. సన్నటి పైపుల విషయంలో ఆసుపత్రి సెలైన్ పైపు చూడ్డానికి సరిగ్గా పట్టినట్టే ఉంటుంది. రెండు నెలల్లో గట్టిపడి నాజిల్ మీంచి జారుతుంది. ఆయిల్, పెట్రోల్ తట్టుకునే 2.5 ఎంఎం లోపలి వ్యాసం పైపు తెప్పించుకోండి. పైపు పారదర్శకంగా ఉంటే గాలి బుడగ కంటికి కనిపిస్తుంది, అది పెద్ద లాభం. నాలుగు కొనలకూ స్ప్రింగు క్లిప్పులు వేయండి. ప్లాస్టిక్ జిప్ టై చాలదు, వేడికి వదులవుతుంది.

బిగించేటప్పుడు ఓ-రింగ్‌కు ఆయిల్ పూసి, షాఫ్టు నాలుకను వేళ్లతో తిప్పి గాడికి సరిపెట్టి, పంపు చేత్తోనే పూర్తిగా కూర్చునేదాకా నొక్కండి. కూర్చోకపోతే బోల్టులతో లాగకండి. నాలుక గాడిలో పడలేదన్నమాట, బిగిస్తే పంపు విరుగుతుంది. బోల్టులకు నీలం లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క. టార్క్ పానా ఆ సందులో పట్టదు కాబట్టి పొట్టి ఎల్లన్ కీతో రెండు వేళ్ల బలం చాలు.

కేబుల్ తగిలించాక థ్రోటిల్‌ను ఆట పోయేదాకా, అంటే తేలికపాటి పట్టు తగిలేదాకా మాత్రమే నొక్కండి. అప్పుడు లీవరు గీత, బాడీ గీత ఎదురెదురుగా రావాలి. లీవరు వెనక ఉంటే ఆయిల్ తక్కువై పిస్టన్ పట్టేస్తుంది. ముందుంటే పొగ, తడి ప్లగ్గులు. మీరు చెప్పిన పొగకు ఇది కూడా ఒక కారణం కావచ్చు, అందుకే విప్పకముందు ఫోటో తీయమన్నది.

ఇక అసలు ఇంజిన్లు పోయేది పంపు తీయడంలో కాదు, తిరిగి బిగించాక గాలి తీయకుండా నడపడంలో. సన్నటి పైపులో అంగుళం గాలి ఉన్నా అది దాటేదాకా ఆ సిలిండర్‌కు చుక్క ఆయిల్ అందదు. కాబట్టి ట్యాంకు నింపి, పంపు మీది బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు విప్పి, బుడగల్లేకుండా ఆయిల్ కారేదాకా ఆగి బిగించండి. సన్నటి పైపులను నాజిల్ మీద పెట్టకముందే సిరంజితో చివరిదాకా ఆయిల్ నింపండి. పెట్రోల్ ట్యాంకులో తొలి పది లీటర్లకు 50:1 పాళ్లలో ఆయిల్ కలపండి. అంటే ఐదు లీటర్లకు 100 మిల్లీలీటర్లు. పంపు ఆయిల్, ఇది కలిసి పొగ ఎక్కువే వస్తుంది, భయపడకండి.

ట్రాలీ మీద స్టార్ట్ చేస్తే ముందు ఇంజిన్, తర్వాత నీళ్ల పైపు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజిన్. వరుస తారుమారైతే నీళ్లు ఎగ్జాస్ట్ గుండా సిలిండర్‌లోకి పోతాయి. ఐడిలింగ్‌లో ఉంచి పంపు లీవరును మాత్రం చేత్తో పూర్తిగా తెరిచి పట్టుకోండి, రెండు పైపుల్లోనూ బుడగలు కదిలి మాయమయ్యేదాకా. కండువా, వదులు చేతుల చొక్కా తీసేసి ఈ పని చేయండి. షాఫ్టు పక్కనే తిరుగుతుంటుంది. నీళ్ల పైపు పెట్టినా ఎక్కువసేపు నడపవద్దు. డ్రైవ్ షాఫ్టు దగ్గరి కార్బన్ సీలుకు అక్కడ నీళ్లు అందవు.

మెకానిక్ చెప్పినట్టు పంపు తీసేసి ప్లేటుతో మూసి, పెట్రోల్‌లోనే కలుపుకోవచ్చా అంటే కలుపుకోవచ్చు. పాత టీవీఎస్ ఎక్సెల్‌కు కలిపినట్టే. 40:1 అంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు. మూడు షరతులు. మానిఫోల్డ్ మీది రెండు చిన్న నాజిళ్లు పూర్తిగా మూయాలి, లేకపోతే అక్కణ్నుంచి గాలి పీల్చి మిశ్రమం పలచనై పిస్టన్ కరుగుతుంది. రోటరీ వాల్వు గదికి పోయే లావు పైపులూ ఆయిల్ ట్యాంకూ అట్లనే ఉండాలి. ప్లేటు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు, ట్యాంకు కూడా తీసి పారేసిన వాళ్ల గేరు ఎండి ఇంజిన్ మొత్తం పోయింది. మూడోది, ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీలుస్తుంది. కలిపిన పెట్రోల్‌ను నెలల తరబడి ట్యాంకులో నిల్వ పెట్టకండి.

నా అభిప్రాయం అడిగితే, బండి మీరొక్కరే నడిపితే ప్లేటు ఫర్వాలేదు. బోటింగ్ దగ్గర కిరాయికి తిప్పే బండి అయితే పంపే ఉంచండి. ఏదో ఒక రోజు కుర్రాడెవడో బంకు నుంచి ఆయిల్ కలపకుండా నేరుగా పెట్రోల్ తెచ్చి పోస్తాడు, ఒక్క ట్యాంకు చాలు ఇంజిన్ బిగుసుకోవడానికి. మీ విషయంలో సీళ్లు కారణమైతే, పంపు తీసినా ఉంచినా పొగ మాత్రం తగ్గదు.

యమహా, కవాసకి టూ-స్ట్రోక్ బండ్లు ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. వాటిలో పంపు సాధారణంగా ముందువైపు ఫ్లైవీల్ కవరు మీద ఉంటుంది, క్రాంక్ చివరే దాన్ని తిప్పుతుంది. రోటరీ వాల్వు గది గొడవ లేదు, దారి కూడా కొంచెం నయం. యమహాకు టీసీ-డబ్ల్యూ3 ఆయిలే వాడాలి. ఫోర్-స్ట్రోక్ బండ్లలో ఆయిల్ పంపు ఇంజిన్ లోపల ఉంటుంది, పైన రాసిందేదీ వాటికి వర్తించదు.

హల్‌లో ఒలికిన ఆయిల్‌ను బనియన్ వేస్టుతో పీల్చి, సబ్బునీళ్లతో కడిగి, ఆ నీళ్లు డబ్బాలోకి పట్టండి. వెనక డ్రెయిన్ ప్లగ్గులు డ్యాం ఒడ్డున విప్పి వదలకండి, కరీంనగర్ తాగేది ఆ నీళ్లే. తొలి పది లీటర్లు కాలాక సీటు ఎత్తి నాలుగు క్లిప్పులు, ఓ-రింగ్ చుట్టూ తడి, ట్యాంకు మీద మీరు పెట్టిన గీత చూడండి. గట్టిగా నడిపితే ఇరవై లీటర్ల పెట్రోల్‌కు దాదాపు 400 మిల్లీలీటర్ల ఆయిల్ తగ్గాలి, నెమ్మదిగా నడిపితే అంతకంటే తక్కువ. గీత అసలు కదలకపోతే కలపని పెట్రోల్ పోయకండి, మళ్లీ బ్లీడ్ స్క్రూ దగ్గర నుంచి మొదలుపెట్టండి.